మా నీళ్ళకు సర్వే నంబరు లేదు

సొంతూరు అనే మాట తెలుగులో చాలా తీయటి మాట. కథలకు, కవితలకు, సినిమా పాటలకు అది పెట్టుబడి. వేపచెట్టు నీడ, చెరువు గట్టు, నానమ్మ పెట్టిన వెన్నముద్ద. పట్నంలో ఫ్లాటు కొన్నంక, అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చినంక ఆ మాట ఇంకింత తీపెక్కుతది. వాళ్ళకు ఊర్లె ఇల్లుండె, పొలముండె, చెరువు నీళ్ళల్ల వంతుండె. అవన్నీ ఉన్నోనికి ఊరు యాదికొస్తది, రాసుకుంటడు. నేనడిగేది వేరే. ఆ చెరువు తూము ఎవడెత్తిండు? ఆ వెన్న ఇచ్చిన బర్రె చచ్చినప్పుడు ఊరవతలికి ఎవడీడ్చిండు? మీ కవితలో గట్టున్నది, అలలున్నయి, తామరపువ్వున్నది. మా తాత లేడు.

మా తాత నీరడి. నీరడి అంటే తెలియని తరం వచ్చింది గనుక చెబుతున్న. తూముకాడ నీళ్ళిడిచి, కాల్వెంట తిరిగి, వంతు ప్రకారం మడిమడికి నీళ్ళు పారిచ్చేటోడు నీరడి. తెలంగాణలో చానా ఊర్లల్ల ఈ పని మాలోళ్ళో మాదిగోళ్ళో చేసేటోళ్ళు. మేం మాదిగోళ్ళం. ముసురు పట్టిన రాత్రి గట్టు తెగుతదేమోనని లాంతరు పట్టుకొని గట్టు మీద కూసునేది తాతనే. తెగితే పొద్దుగాల తిట్లు తినేది కూడా ఆయనే. దీనికి జీతం లేదు. పంట కోసినంక కల్లం కాడ మేర కొలిచి పోసేటోళ్ళు. గుంట భూమి లేకున్నా మా ఇంట్ల గింజలుండేది ఆ మేరతోనే. చెరువంతా ఆయన చేతుల మీదుగ పారేది. బిందెడు మంచినీళ్ళకు మాత్రం మా నానమ్మ ఊరి బాయికాడ దూరం నిలబడి, ఎవరన్న కనికరించి పోస్తే పట్టుకొచ్చేది. పొలానికి పోయే నీళ్ళకు అంటు లేదు, కడవలకు పోయే నీళ్ళకు అంటున్నది. ఈ లెక్క మీ పల్లెపాటల్లో ఏ చరణంలో ఉన్నదో చూపెట్టుండ్రి.

మా ఊరు నక్కవాగు ఒడ్డున ఉంది. పేరు చెప్పను. భయపడి కాదు. ఆ ఊర్లె ఇంకా పెండ్లిగాని పిల్లగాండ్లున్నరు. పేరు ఇక్కడ అచ్చయితే వాళ్ళకొచ్చే సంబంధాలు మళ్ళీ తప్పుతయి. ఎందుకో ముందుకు పోయినకొద్దీ తెలుస్తది. మా కుటుంబం 2001లో ఆ ఊరిడిచింది. అప్పటికి నేను ఏడో తరగతి. ఇప్పుడు జహీరాబాద్ దిక్కు ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తున్న. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటోణ్ణి నేనే. పోయిన మాఘమాసంల ఆ ఊర్లె నా దోస్తు పెండ్లి అయింది. ముదిరాజుల పిలగాడు, ఒకటో తరగతి నుంచి ఒక్క బెంచీ మీద కూసున్నోళ్ళం. పెండ్లికి పోయొచ్చినంకనే ఈ మాటలు రాయాలనిపించింది.

అవ్వ, నా భార్య, బిడ్డ, నేను నలుగురం జహీరాబాద్‌ల బస్సెక్కినం. వాళ్ళు ముగ్గురికి జీరో టికెట్లు, నాకొక్కనికే పైసల టికెట్టు. 2023 డిసెంబరు నుంచి ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఫిరీ. (ఈ ఫిరీ చూసి కడుపు మండే ఇస్త్రీ చొక్కాలు ఆ బస్సులనే ఇద్దరు ముగ్గురు కనబడ్డరు. కంపెనీలకు నలభై యాభై ఏండ్ల సంది ఇచ్చిన భూములను, సబ్సిడీలను వీళ్ళు ఎన్నడూ ఫిరీ అనలేదు.) సదాశివపేట, సంగారెడ్డి దాటినం. కంది కాడ ఐఐటీ గేటు చూసి మా బిడ్డ "డాడీ, నేను చదివే కాలేజి ఇదే" అన్నది. తొమ్మిదేండ్లది, అట్లనే అననియ్యాలె. రుద్రారం దాటి ఇస్నాపూర్ దగ్గరపడంగనే ఆ వాసన లోపలికొచ్చింది. కుళ్ళిన గుడ్డు, కాలిన రబ్బరు, దవాఖాన మూడూ కలిపినట్టుంటది. అప్పటిదాకా కండ్లు మూసుకొని కునుకుతున్న మా అవ్వ కండ్లు తెరవకుండనే "ఊరొచ్చిందిరా" అన్నది.

చూసిండ్రా, మా అవ్వకు కూడా సొంతూరి వాసన తెలుస్తది. కవులు రాసిన మట్టి వాసన కాదది.

ఇస్నాపూర్‌ల దిగి ఆటో మాట్లాడుకున్నం. పాశమైలారం దిక్కు చేయి చూపెట్టి ఆటో పిలగాడు "గదే సార్, గా కంపెనీ" అన్నడు. 2025 జూన్ 30న అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయారు, ఇంకో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. అందులో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా దిక్కుల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినోళ్ళే. ఇదివరకు ఆ డ్రమ్ముల కాడ మా నాయిన ఉండె. ఇప్పుడు వాళ్ళున్నరు. పని మారలేదు.

నాయిన సంగతి ఇక్కడ చెప్పాలె. వాగు పాడై, చెరువు కింద పంట బందయినంక నీరడి పనికి అర్థం లేకుండ పోయింది. పంట లేకపోతే మేర లేదు. తాత గట్టు మీద కూసునుడు మాత్రం ఇడవలేదంట. నాయిన ఒక కంపెనీల కాంట్రాక్టు కూలికి పోయిండు. పేరు రాయను. గేటు లోపట పర్మినెంటు పనులు, అవి కంపెనీకి భూమి అమ్మినోళ్ళ కొడుకులకు, సిఫారసు ఉన్నోళ్ళకు. రసాయనాల డ్రమ్ములు కడుగుడు, తొట్లల్ల దిగి అడుగు మడ్డి ఎత్తుడు మావోళ్ళకు. మేస్త్రి ఏమనేటోడో నాయిన నవ్వుకుంట చెప్పేటోడు: "మీరు తోళ్ళు ఊనినోళ్ళు, మీకు వాసన కొత్తనా?" అని. చూడుండ్రి, కులం ఎంత పనికొచ్చే వస్తువో. ఊర్లె పనికొచ్చింది, కంపెనీ గేటు లోపట కూడా పనికొచ్చింది. కొత్త యంత్రాలు జర్మనీ నుంచి వచ్చినయి, వాటిని కడిగేటోడు మాత్రం మా గూడెం నుంచే రావాలె. ఆరేండ్లకు నాయినకు దమ్ము పట్టుకుంది. 2001లో మంచం మీద వేసుకొని సంగారెడ్డికి తీసుకపోయినం. మళ్ళ ఊరికి తిరిగి రాలేదు. అట్ల ఆ ఊరు మాకు ఒకప్పటి ఊరయింది.

పటాన్‌చెరు కథ తెలిసినోళ్ళకు తెలుసు. తెలియని పిల్లలకోసం కొంత. మెదక్ వెనుకబడిన జిల్లా అని 1970లల్ల ఇక్కడ ఫ్యాక్టరీలకు దారి తీసిండ్రు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీ అయినంక దేశమంతా ఈ జిల్లా పేరు తెలిసింది. మందులు, పురుగుమందులు, రంగులు, రసాయనాలు తయారుచేసే కంపెనీలు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం దాకా పాకినయి. దానికి పారిశ్రామికవాడ అని పేరు పెట్టిండ్రు. వాడ! ఊరికి ఒక వాడ ఉన్నది చాలలేదు కాబోలు. కంపెనీల కడుగునీళ్ళు పాములవాగుల, ఇసుకవాగుల, నక్కవాగుల పడ్డయి. అవి మంజీరల కలిసినయి. ఇంకోదిక్కు హైదరాబాదుకు పోయే మంజీర మంచినీళ్ళ పైపులు, మనిషి నిలబడి నడవొచ్చేటంత లావువి, రోడ్డు పొంటి మా ముంగటి నుంచే పోయినయి. మంచినీళ్ళు పైపుల మూతేసి పట్నానికి, ఉడుకునీళ్ళు మూత లేకుండ మాకు.

1990లో సుప్రీంకోర్టులో కేసు పడ్డది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటోళ్ళు, వాగు పొంటి ఊర్ల జనం ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. వాళ్ళ కొట్లాట లేకపోతే ఈ మాత్రం కూడా లోకానికి తెలిసేది కాదు. ఆ కేసు 2001లో హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. తీర్పు వచ్చింది 2017 అక్టోబరులో. కేసు మొదలైనప్పుడు నేను తల్లి ఒడిలో ఉన్న. తీర్పు వచ్చిన నెలల్నే టీచర్ల నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టుకున్న. ఒక్క కేసు నడిచే లోపల ఒక మాదిగ పిలగాడు పుట్టి, ఊరిడిచి, చదివి, సారు కావచ్చునన్నమాట.

మధ్యల 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు వచ్చి లెక్కగట్టిండ్రు. తొంభై దాకా మందుల కంపెనీల మురికినీళ్ళు తీసుకొని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటకొచ్చే నీళ్ళల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదన్నరు. ఆ మందు మింగిన రోగి నెత్తుర్ల కూడా అంత ఉండదంట. ఒక్క దినంల పోయే మందు స్వీడన్ దేశమంతా అయిదు దినాలు వాడేంత! శుద్ధి చేసినంకటి లెక్క ఇది. ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపేసి ఆ నీళ్ళను పట్నంలో అంబర్‌పేటకు మలిపిండ్రు. అక్కడ మూసీ ఒడ్డు గుడిసెల్లో ఎవరుంటరో నేను మళ్ళ చెప్పాల్నా?

పెండ్లికొస్త. మా దోస్తుకు ముప్పై ఆరేండ్లు. ఇన్నేండ్లు ఎందుకు కాలేదంటే పదకొండు సంబంధాలు తప్పినయి. పిలగానికి వంక లేదు, కంపెనీ బస్సు నడుపుతడు, తాగుడు లేదు. పిల్లనిచ్చేటోళ్ళు వచ్చి ఇల్లు చూసేది, చాయ తాగేది, వాగు చూసేది. తెల్లారి ఎవరితోనో కబురు పంపేది: "గా ఊరికి మా పిల్లను ఇయ్యం. గా నీళ్ళు తాగితే మా పిల్లకు పిల్లలయితరా?" ఒక్క మావోనిదే కాదు, రెడ్ల ఇండ్లల్ల కూడా ఇదే కథ. వాళ్ళ ఇండ్లల్ల బువ్వ ముడితే మైల, వాళ్ళతో వియ్యమందితే చెడుపు. సంబంధం కలపరు. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? మూడువేల ఏండ్లు మా వాడ గురించి ఊరన్న మాటలనే ఇప్పుడు ఊరు గురించి చుట్టుపక్కల ఊర్లంటున్నయి. నక్కవాగు ఊరును తెచ్చి వాడలో పడేసింది.

దీనికి నేను సంబరపడతలేను. మా దోస్తు మొఖం చూసినోడెవడూ సంబరపడలేడు. కాని ఒక ఆశ ఉండె నాకు. అంటు ఏందో తన ఒంటి మీదికి వచ్చినంకనన్నా ఊరికి తెలివొస్తదేమోనని. రాలేదు. నీళ్ళల్ల విషం పడ్డది, కులంలో చీమ కూడా చావలేదు.

చివరికి పిల్ల నారాయణఖేడ్ దిక్కుది దొరికింది. వాళ్ళది ఎండకాలం నీళ్ళకు కటకట పడే ఊరు. వీళ్ళది నీళ్ళుండి తాగరాని ఊరు. ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు.

మేము ముందురోజే పోయినం. మైలపోలు తీసే పొద్దు. ఇదివరకు బాయి నుంచి డప్పులతోని నీళ్ళు తెచ్చి పెండ్లికొడుక్కు తానం పోసేటోళ్ళు. ముదిరాజులు చెరువు మీద, వాగు మీద బతికినోళ్ళు, గంగమ్మ బిడ్డలమంటరు. ఆ గంగమ్మ ఇప్పుడు ట్రాలీ ఆటోల వచ్చింది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఎనిమిది దించిండ్రు. ఒక క్యానుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మామిడాకులు కట్టి, మూత తీసి కుండలల్ల పోసుకున్నరు. మా దోస్తు తల్లి, చిన్నమ్మ అని పిలుస్త నేను, ఆమె నా దిక్కు చూసి "బాయి నీళ్ళు పోస్తే పెండ్లినాడు ఒంటినిండ దద్దుర్లు లేస్తయి బిడ్డా, ఫొటోల మంచిగుండదు" అన్నది. మైల తీసే నీళ్ళకే మైల వస్తే ఏం పెట్టి కడగాలె?

మా బిడ్డను తీసుకొని చెరువు చూపెడదామని పోయిన. తూము అట్లనే ఉన్నది, రాళ్ళు కూడా కదలలేదు. నీళ్ళు చాయ రంగుల ఉన్నయి, గాలొచ్చిన దిక్కు ఒడ్డుకు నురగ కొట్టింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువులోకి దిగి దోసెడు నీళ్ళు తాగినప్పుడు, ఆయన వెనుక వేలమంది దిగినప్పుడు, ఆ నీళ్ళు కనీసం తాగే నీళ్ళు. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు ఎవరికీ కాదనొద్దని రాసిపెట్టింది. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను వేటాడి చంపిన నాటి గొడవ కూడా మంచినీళ్ళ చెరువు కాడనే మొదలైంది. అంత నెత్తురు పోసి నీళ్ళ మీద హక్కు సంపాదించుకున్న జాతి మాది. ఆ హక్కు కాగితం పట్టుకొని మా ఊరి చెరువుకు పోతే ఇప్పుడు ఎవరూ వద్దనరు. ఏం దిగుతవో దిగు. "డాడీ, ముట్టుకోవద్దా?" అనడిగింది బిడ్డ. వద్దన్న. మా నానమ్మకు పటేలు చెప్పిన మాట నా బిడ్డకు నేను చెప్పాల్సి వచ్చింది. ఈ కోపం ఎవరి మీద తీర్చుకోవాలె?

పెండ్లినాడు టెంటు కింద మా దోస్తు మమ్ముల ముందటి వరుసల కూసోబెట్టిండు. చిన్నమ్మ తనే వడ్డించింది. బీసీలందరూ ఇట్లుండరు, మావోళ్ళకు తెలుసు, కాని వీళ్ళున్నరు. తినంగ ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డడు. పటేలు కుటుంబం. కర్ర పట్టుకున్నడు గని గొంతు పాతదే.

"ఏందిరా, నువ్వు నీరడోని మనుమనివి గదా? సారువయినవట గదరా!"

సారు, రా. రెండూ ఒక్క మాటలనే. తెలుగు వ్యాకరణం చెప్పే సార్లు ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పాలె. నేను తలూపిన. ఆయన అంతటితో ఆగలేదు. "ఎదురుకోళ్ళకు టైమయితుంది, మీ వాడోళ్ళు డప్పులు ఇంక తేలేదు. జెర పోయి చెప్పుపో" అన్నడు. నేను నోరు తెరిచేలోపట మా అవ్వ విస్తరి మీది నుంచి చెయ్యి తియ్యకుండనే అన్నది: "మావోడు డప్పు పిలవనీకి రాలే పటేలా. ఆయన బడిల గంట కొట్టిస్తడు, పిల్లలు పరుగుపెట్టుకుంట వస్తరు." పక్కనున్న పిలగాండ్లు నవ్విండ్రు. పటేలు కూడా నవ్వినట్టు చేసి పోయిండు. డప్పు మాకు నామోషి కాదు, ఇది రాసుకోండ్రి. డప్పు కొట్టే మా చిన్నాయిన కొడుకు ఆ రోజు బరాత్‌ల డీజేను బందుపెట్టించిండు, అంత బాగ కొట్టిండు. ఆ "చెప్పుపో" అనే హుకుం ఉన్నదే, నాకు దానితోనే పంచాది.

సాయంత్రం అసలు సంగతి బయటపడ్డది. బడి గోడ పక్కన కుర్చీలేసుకొని పది పన్నెండు మంది ఫైలు ముందర పెట్టుకొని కూసున్నరు. పరిహారానికి మళ్ళ అర్జీ పెడతరంట. నన్ను పిలిచిండ్రు. ఈసారి "రా" లేదు, "సారూ, నువ్వు మంచిగ రాస్తవు, జెర రాసిపెట్టు" అన్నరు. అవసరం పడితే మాట ఎట్ల మారుతదో! కాగితం తీసుకొని చూసిన. గడులు గీసి ఉన్నయి: వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పంట నష్టం. 1990లల్ల జిల్లా జడ్జి విచారణ చేసినంక కోర్టు ఇప్పించిన పరిహారం కూడా ఇట్లనే ఎకరాల లెక్కనే వచ్చింది. తరీ భూమికి ఇంత, ఖుష్కికి ఇంత. పట్టా ఎవరి పేర ఉంటే వాళ్ళకు. ముప్పై ఏండ్లాయె, గడులు మారలేదు.

"సర్వే నంబరు లేనోళ్ళను ఎక్కడ రాయాలె?" అని అడిగిన.

ఎవరూ జవాబియ్యలేదు. కొద్దిసేపటికి ఒకాయన, నా ఈడోడే, నాతోని చదివినోడే, మెల్లగ అన్నడు: "గది వేరే సంగతి సారూ. మీకేం పోయింది? భూమే లేకపాయె."

ఈ వ్యాసమంతా నేను ఆ ఒక్క మాటకు జవాబుగా రాస్తున్న. ఆయనకు ఒక్కనికే కాదు. పరిహారం లెక్కలు గట్టిన ప్రభుత్వాలకు, కాలుష్యం అంటే రైతు కండ్లనీళ్ళు మాత్రమే ఫొటో తీసిన పత్రికలకు, రైతే రాజు అని పాడే కవులకు కూడా.

మాకేం పోయింది? నాట్లేసే కూలి పోయింది, కలుపు కూలి పోయింది, కోత కూలి పోయింది. ఎకరం పట్టాదారుకు ఒక్కటే, కాని ఆ ఎకరం మీద ఏడాదికి ఎన్ని చేతులు బతికేటివో ఏ జడ్జి లెక్కగట్టలేదు. నీరడి మేర పోయింది. వాగు ఒడ్డు గడ్డి మేపి పెంచుకున్న బర్రెలు పోయినయి. పటేలు బర్రె వాగు నీళ్ళు తాగి చస్తే అది నష్టమని రాసుకున్నరు. దాన్ని ఈడ్చింది మా తాత, నాయిన. తోలు తీయబోతే చేతులకు పుండ్లయి, పనికిరాదని గుంత తవ్వి పూడ్చిండ్రు. ఆ పుండ్లు ఏ ఖాతాల రాసిండ్రు? ముదిరాజుల చేపలు పోయినయి. చాకలోళ్ళ రేవు పోయింది, ఆ నీళ్ళల్ల బట్ట ముంచితే బట్ట పోతది, చేతుల తోలు పోతది. కంపెనీ వచ్చినంక పట్టాదారు భూమి పాడైతే ఆ జాగల రూములు కట్టి ఒడిశా కూలీలకు కిరాయికిచ్చిండు. పాడైన భూమి కూడా ఆయనకు ఫలమిచ్చింది. మాకు పాడవటానికి భూమి లేదు, పాడైంది ఒళ్ళు.

ఇది నా సొంత పైత్యం అనుకునేటోళ్ళకు చట్టం చెబుత. 2013 భూసేకరణ చట్టంలో ప్రభావిత కుటుంబం అంటే భూమి యజమాని ఒక్కడే కాదు. భూమి లేకున్నా మూడేండ్లుగా అక్కడ కూలి చేసో, కౌలు చేసో, చేతిపని చేసో బతికిన కుటుంబం కూడా. నేను పనిచేసే దిక్కు, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో జహీరాబాద్ నిమ్జ్ కోసం 12,635 ఎకరాలు కావాలన్నరు. అందుల పేదలకిచ్చిన లావణి పట్టాలు ఎన్నో. ఆ భూములను 1977 చట్టం ప్రకారం పేదోడు అమ్ముకుంటే నేరం, ప్రభుత్వం తీసుకుంటే అభివృద్ధి. 2015 జులైలో 123 జీవో తెచ్చి పట్టాదారుతో బేరమాడి కొనుక్కుందామని చూసిండ్రు, కూలోళ్ళ ఊసు లేకుండ. కోర్టుకు పోయింది ఎవరో తెలుసా? భూమి లేని వ్యవసాయ కూలీలే. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. సర్కారు అప్పీలుకు పోయి, కూలీలకు కూడా పునరావాసం ఉన్నదని వేరే జీవోలు ఇయ్యక తప్పలేదు. భూమి లాక్కుంటే కూలోనికి లెక్క ఉన్నది. మరి భూమిని అక్కడనే ఉంచి విషం పోస్తే? 2010 హరిత ట్రిబ్యునల్ చట్టం రెండో పట్టికలో ఉపాధి నష్టం అనే మాట కూడా ఉన్నది. మాట ఉన్నది. మా వాడ గడపకు ఆ మాట ఎవరూ మోసుకురాలేదు, వాడోళ్ళకు అర్జీ రాసిచ్చేటోడు ఊర్లె లేడు గనుక.

ఇవన్నీ ఆ కుర్చీల కాడ చెప్పిన. కొందరు మొఖం తిప్పుకున్నరు. "ఇవన్నీ కలిపితే మనది కూడా పోతది" అని ఒకాయన గొణిగిండు. మనది అన్న మాటల నేను లేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అప్పటికే తలంబ్రాల బియ్యం ఇంకా నెత్తి మీదున్న మా దోస్తు పెండ్లిబట్టలతోనే వచ్చి నిలబడి ఇంటున్నడు. "చేపలకు కూడా ఒక గడి గీయురా" అన్నడు. అది నాతో అన్న "రా". ఆ "రా" వేరు.

రాత్రి మా చిన్నాయిన ఇంట్ల, వాడల, బల్బు కింద కూసున్నం. నా భార్య గడులు గీసింది: పేరు, ఏం పని చేసేది, ఏ నీళ్ళ మీద, ఎన్నడు బందయింది, ఏం పోయింది. సర్వే నంబరు గడి గీయలేదు. అవ్వ మొదలుపెట్టింది. "మీ తాత పేరు రాయి. నీరడి. పెద్దచెరువు. మేర, రెండు పంటలకు రెండుసార్లు." ఆగి, "ఎన్ని కుంచాలో మీ చిన్నాయినకు ఎరుక, ఆయన్నడుగు" అన్నది. చిన్నాయిన వేళ్ళు మడిచి లెక్కజెప్పిండు. తర్వాత మా మేనత్త నాట్ల కూలి చెప్పింది. ఎదురింటామె రెండు బర్రెలు, ఒక దూడ. ఒక ముసలాయన తన కాళ్ళ పుండ్లు చూపెట్టి ఇవి రాయొచ్చునా అనడిగిండు, రాయమన్న. ముదిరాజుల ఇండ్ల నుంచి ముగ్గురు, చాకలోళ్ళ ఇంటి నుంచి ఒకామె వచ్చిండ్రు. వాళ్ళను లోపటికి పిలిస్తే గడప దాటి వచ్చి చాప మీద కూసున్నరు, మా అవ్వ ఇచ్చిన చాయ తాగిండ్రు. క్యాను నీళ్ళ చాయనే. నాయిన పేరొచ్చినప్పుడు నా భార్య కలం ఆపి నా దిక్కు చూసింది. డ్రమ్ములు కడుగుడు, ఆరేండ్లు, దమ్ము అని రాయించిన. పన్నెండున్నర దాకా ముప్పై ఒక్క ఇండ్లయినయి.

తెల్లారి ఇస్నాపూర్‌ల జిరాక్సు తీసి ఒక కాపీ మా దోస్తుకిచ్చిన, ఊరోళ్ళ ఫైల్ల పెట్టమని. పెడతనన్నడు. ఒకటి నా దగ్గర ఉన్నది. ఇంకా చెప్పాల్సినోళ్ళు పద్నాలుగు ఇండ్లోళ్ళు మిగిలిండ్రు, ఎండకాలం సెలవుల్లో పోవాలె.